ఏడు నెలల నగల పని: అతుకులు, ముడులు, గంటల లెక్క

పూసలు గుచ్చడం, తీగను వంచి దిద్దులు చేయడం నాకు చాలాకాలంగా అలవాటైన పనే అయినా, చేసినవాటిని అమ్మడం మొదలుపెట్టి ఈ నెలతో ఏడు నెలలు నిండాయి. ఇప్పటివరకు 52 నగలు చేశాను, 31 అమ్ముడుపోయాయి, వాటిలో 4 తిరిగివచ్చాయి. ఈసారి ఆ నాలుగింటి గురించే ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే నా పని తీరు మారింది వాటివల్లనే. నాకోసం చేసుకున్న గొలుసు తెగితే ఆ సాయంత్రమే కూర్చుని బాగుచేసుకుంటాను. ఇంకొకరి మెడలో ఉన్న గొలుసు తెగినప్పుడు పక్కన నేనుండను, పూసలు ఎక్కడెక్కడ దొర్లిపోయాయో కూడా నాకు తెలియదు. సరదాకు చేసే పనికీ అమ్మకానికి చేసే పనికీ అసలు తేడా అక్కడే ఉందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

తిరిగివచ్చిన వాటిలో రెండింటికి జంప్ రింగు (నగ భాగాలను కలిపే, తెరిచి మూసే తీగ రింగు) విచ్చుకుపోయింది, ఒకదానికి క్రింప్ పూస (తీగ కొసలను నొక్కి పట్టే చిన్న లోహపు గొట్టం) జారింది, మరొకటి పెట్టుకున్నవారికి చెవి దురద వచ్చింది. రంగు గురించి గానీ, అల్లిక గురించి గానీ ఒక్కరూ మాట అనలేదు. నేను రోజుల తరబడి ఆలోచించింది రంగుల పొందిక గురించి. నగను నిలబెట్టింది, పడగొట్టింది మాత్రం సెంటీమీటరు కూడా లేని చిన్న రింగులు.

జంప్ రింగును పక్కకు తిప్పి తెరవాలి తప్ప, రెండు కొసలనూ ఎడంగా లాగకూడదన్న సంగతి నాకు ముందే తెలుసు. లాగితే గుండ్రదనం పోతుంది, మళ్లీ ఎంత నొక్కినా కొసలు కుదరవు. కానీ మూసేటప్పుడు నేను చేసిన పొరపాటు వేరు. రెండు పటకారులతో కొసలను ఎదురెదురుగా తెచ్చి అక్కడితో ఆపేసేదాన్ని. లోహానికి కొంచెం వెనక్కి తన్నే గుణం ఉంటుంది కాబట్టి పటకారు వదలగానే కొసలు వెంట్రుకవాసి ఎడమయ్యేవి, కంటికి మాత్రం మూసుకున్నట్టే కనిపించేది. ఇప్పుడు కొసలను లోపలికి నొక్కుతూనే ఒకదాన్ని రెండోదాని పక్కనుంచి కొంచెం దాటించి, మళ్లీ అటు నుంచి ఇటు దాటిస్తాను. రెండు మూడుసార్లు అలా చేసేసరికి కొసలు ఒకదానికొకటి రాసుకుంటున్న గరగర వేళ్లకు తెలుస్తుంది, చివరికి 'టిక్' మని సన్నని చప్పుడుతో కూర్చుంటాయి. ఆ తర్వాత గోరును అతుకు మీదుగా నడిపిస్తాను. గోరు ఎక్కడా ఆగకపోతేనే ఆ రింగు నగలోకి వెళ్తుంది.

కొసలు కుదరాలంటే కోత కూడా సరిగా ఉండాలి. కటింగ్ ప్లయర్‌తో కోసిన తీగకు ఒక కొస చదునుగా, రెండో కొస మొనదేలి ఉంటుంది. అందువల్ల ప్రతి రింగుకూ పటకారును తిరగేసి ఆ మొనను కూడా కోసేయాలి. సన్న రంపంతో కోస్తే రెండు వైపులా చదునుగానే వస్తాయి, కానీ రంపపు అలుగు పలచగా ఉండటం వల్ల మొదటి రోజు ఐదు అలుగులు విరిగిపోయాయి. రింగులు కోయడానికి చుట్టిన తీగ చుట్టను వేళ్లతో పట్టుకోకుండా చెక్క బిగింపులో పెట్టి, అలుగుకు కొంచెం మైనం రాసిన తర్వాత విరగడం తగ్గింది.

ఇక రింగు బలం తీగ మందం ఒక్కదాని మీదే ఆధారపడదు, మందానికీ లోపలి వ్యాసానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. నా దగ్గర విచ్చుకుపోయిన రెండు రింగులూ 22 గేజ్ తీగవి, అంటే సుమారు 0.64 మిల్లీమీటర్ల మందం; లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు. వ్యాసాన్ని మందంతో భాగిస్తే 9 దాటుతుంది, అంత వదులైన రింగు బరువును మోయలేదు. ఇప్పుడు కొక్కేల దగ్గర 18 గేజ్ తీగ, అంటే దాదాపు 1 మిల్లీమీటరు మందం, 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం వాడుతున్నాను. నిష్పత్తి 4 దగ్గర ఉంటుంది, చేత్తో గట్టిగా లాగినా రింగు కదలదు. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందన్న మాట కొత్తగా నేర్చుకునేవారు మొదటే గుర్తుపెట్టుకుంటే చాలా తీగ మిగులుతుంది. రెండు రకాల గేజ్ కొలతలు వాడుకలో ఉన్నాయి కాబట్టి, కొనేటప్పుడు గేజ్ సంఖ్యతోపాటు మిల్లీమీటర్లు కూడా అడగడం మంచిది.

క్రింప్ పూస జారిన గొలుసును విప్పి చూస్తే కారణం వెంటనే కనిపించింది. గొట్టం లోపల రెండు తీగలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి, నేను వాటి మీదే నొక్కేశాను. క్రింప్ పటకారుకు రెండు గాడులు ఉంటాయి. మొదటి గాడి గొట్టాన్ని మధ్యకు నొక్కి తీగలను రెండు కాలువలుగా విడదీస్తుంది, రెండో గాడి దాన్ని మడిచి గుండ్రంగా చేస్తుంది. తీగలు పక్కపక్కన ఉంటేనే మొదటి నొక్కుడు పనిచేస్తుంది. ఇప్పుడు నొక్కే ముందు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని గొట్టంలోకి చూస్తాను. పూర్తయిన గొలుసుకు ఒక కిలో బరువు తగిలించి పది నిమిషాలు వేలాడదీస్తాను. ఈ పరీక్షలో ఇంతవరకు రెండు గొలుసులు ఓడిపోయాయి, రెండూ నా బల్ల దగ్గరే ఓడిపోయినందుకు నాకు సంతోషం.

చెవి దురద విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. కొక్కేలను ఒక సరఫరాదారు దగ్గర తయారుగా కొన్నాను, పొట్లం మీద లోహం పేరు లేదు, నేను అడగలేదు. ఆభరణాల వల్ల చర్మానికి వచ్చే అలర్జీల్లో నికెల్ వల్ల వచ్చేది చాలా సాధారణం, ఒకసారి వచ్చినవారికి సాధారణంగా అది జీవితాంతం ఉంటుంది. నికెల్ పై పూతలో లేకపోయినా అడుగున ఉంటే, పూత అరిగిన తర్వాత చర్మాన్ని తాకుతుంది. ఆ రోజు నుంచి చెవి కొక్కేలను నేనే చేస్తున్నాను. 20 గేజ్ స్టెర్లింగ్ వెండి తీగ వాడుతున్నాను, అంటే 92.5 శాతం వెండి, మిగిలినది చాలావరకు రాగి. వెండి కూడా పడదనుకునేవారికి టైటానియం లేదా నియోబియం కొక్కేలు పెట్టి ఇస్తాను. దురద వచ్చినవారికి డబ్బు తిరిగి ఇచ్చి, ఆ పొట్లంలో మిగిలిన కొక్కేలన్నిటినీ పక్కన పడేశాను.

కొక్కెం చేయడంలో వంపు సులువే, కష్టమంతా కొస దగ్గర. కోసిన కొస కంటికి నున్నగా కనిపించినా చెవి రంధ్రంలో గీస్తుంది. ఆకురాయితో అంచు విరిచి, 400 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 600 నంబరుతో రుద్ది, చివరికి ఒక దూది ఉండ మీద కొసను లాగి చూస్తాను. ఒక్క పోగు తగులుకున్నా మళ్లీ కాగితం దగ్గరికి వెళ్లాలి. వంపు భాగాన్ని దాగలి మీద పెట్టి సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేస్తే తీగ గట్టిపడి వంపు నిలుస్తుంది. చెవిలోకి దూరే భాగాన్ని మాత్రం కొట్టను, అది చదునైతే రంధ్రానికి నొప్పి. ఒక జతకు మొదట్లో 25 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 9 నిమిషాలు పడుతోంది.

ముత్యాల దండ ఈ ఏడు నెలల్లో నేను నేర్చుకున్న వాటిలో నాకు అత్యంత ఇష్టమైన పని. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తే అవి ఒకదానితో ఒకటి ఒరుసుకోవు, దారం తెగినా ఒకటో రెండో జారుతాయి తప్ప దండంతా చెల్లాచెదురు కాదు. 45 సెంటీమీటర్ల దండలో కొక్కేనికి 2 సెంటీమీటర్లు పోగా మిగిలే 43 సెంటీమీటర్లలో 6 మిల్లీమీటర్ల ముత్యాలు ముడులు లేకుండా 71 పడతాయి. ఒక్కో ముడికి సుమారు ఒక మిల్లీమీటరు పోతుంది కాబట్టి ముడులతో 61 చాలు. ఈ లెక్క ముందే వేసుకోక మొదటిసారి పది ముత్యాలు ఎక్కువ కొన్నాను. సూదిమొనను వదులు ముడిలో ఉంచి, దాన్ని ముత్యం వైపు జరుపుతూ, ముడి ముత్యాన్ని తాకిన తర్వాతే సూదిని తీసి గోటితో నెట్టి బిగించాలి. ఒక్క క్షణం ముందు బిగిస్తే మధ్యలో దారం కనిపిస్తుంది, బిగిసిన పట్టు ముడిని విప్పడం దాదాపు అసాధ్యం. నా మొదటి దండలో 14వ ముడి అలా పోయింది, మొత్తం కోసి మళ్లీ మొదలుపెట్టాను. రెండో దండ చక్కగా వచ్చింది గానీ, నేనే మెడలో వేసుకుని తిరిగిన మూడు వారాలకు ముత్యాల మధ్య సందులు కనిపించాయి. పట్టుదారం సాగుతుంది. ఇప్పుడు దారానికి చిన్న బరువు కట్టి రాత్రంతా వేలాడదీసి, పొద్దున గుచ్చడం మొదలుపెడుతున్నాను.

ముత్యం ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, అందుకే ఆమ్లం తగిలితే దాని నిగనిగ చెడిపోతుంది. సెంటు, తలనూనె, చెమట కూడా మంచివి కావు. ప్రతి దండతోనూ ఒక చిన్న చీటీ పెడుతున్నాను: అలంకరణ అంతా అయ్యాక చివరగా వేసుకోండి, ఇంటికి రాగానే మొదట తీయండి, మెత్తని గుడ్డతో తుడిచి పెట్టండి. వెండి విషయంలో నా సొంత నిర్లక్ష్యం ఒకటి చెప్పాలి. ఆరు గొలుసులను చిక్కుపడకుండా రబ్బరు బ్యాండ్లతో కట్టి డబ్బాలో పెట్టాను. నెల తర్వాత తీస్తే బ్యాండు తగిలిన చోటల్లా నల్లని పట్టీలు. రబ్బరులో ఉండే గంధకం వెండితో కలిసి ఆ నలుపు వస్తుంది. మెరుగు పెట్టి పోగొట్టడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఇప్పుడు ఒక్కో గొలుసును ఒక్కో జిప్ కవరులో గాలి తీసి పెడుతున్నాను.

ధర విషయంలో మొదటి మూడు నెలలు సరుకు ఖర్చును రెండింతలు చేసి అదే ధర అనుకున్నాను. నాలుగో నెల నుంచి ప్రతి నగకూ గడియారం పెట్టి సమయం రాయడంతో ఆ పద్ధతి ఎంత తప్పో తెలిసింది. రాగి తీగతో అల్లిన ఒక జత దిద్దులకు సరుకు ఖర్చు చాలా తక్కువ, పని మాత్రం 1 గంట 50 నిమిషాలు. ముత్యాల దండకు సరుకు ఖర్చు దానికి ఎన్నో రెట్లు, పని 2 గంటల 40 నిమిషాలు. రెండింతల లెక్కన అమ్మితే దండ మీద గంటకు న్యాయమైన కూలి వచ్చింది, దిద్దుల మీద దాదాపు ఏమీ రాలేదు. ఇప్పుడు సరుకు, గంటల కూలి, పనిముట్ల అరుగుదల, పొట్లం ఖర్చు విడివిడిగా కూడుతున్నాను. ఫొటో తీయడానికి, పరీక్షించడానికి, అడిగినవారికి జవాబు ఇవ్వడానికి పట్టే 30 నిమిషాలనూ కూలిలోనే కలుపుతున్నాను. దుకాణదారుకు తక్కువ ధరకు ఇచ్చినా నష్టం రాకూడదంటే, ఈ మొత్తం మీద మరికొంత ఉంచుకోవాల్సిందే. కొత్త ధరకు దిద్దులు నెమ్మదిగా అమ్ముడవుతున్నాయి, ఆ ధర తగ్గించే ఉద్దేశం నాకు లేదు. వాటి బదులు 40 నిమిషాల్లో అయ్యే చిన్న అల్లిక ఒకటి తయారుచేసుకున్నాను, అది బాగా పోతోంది.

వివరణలో పూతను పూత అనే రాస్తున్నాను. బంగారు పూత వేరు, గోల్డ్ ఫిల్డ్ (వేరే లోహం మీద బంగారు రేకును ఒత్తి అతికించినది) వేరు. రెండోదానిలో బంగారం సాధారణంగా మొత్తం బరువులో 20వ వంతు ఉంటుంది, పూతలో ఉండేది చాలా పలచని పొర మాత్రమే. ఫొటోలు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఎదురుగా తెల్ల అట్ట నిలబెట్టి తీస్తున్నాను. ఒక ఫొటోలో స్కేలు, ఒకదానిలో చెవికి పెట్టుకున్న తీరు తప్పనిసరిగా ఉంటాయి. ఇవి పెట్టినప్పటి నుంచి 'ఎంత పెద్దది' అన్న ప్రశ్న దాదాపు ఆగిపోయింది.

ఈ నెల రింగులకు మాటు వేయడం, అంటే కొసలను కరిగిన లోహంతో అతకడం మొదలుపెట్టాను. మాటు వేసిన రింగుకు విచ్చుకునే చోటే ఉండదు కాబట్టి, దండల కొసల్లో ఇకపై అవే వాడాలని నిర్ణయం. వెండి మాటు సందును నింపదు, కొసలు ఒకదానికొకటి పూర్తిగా ఆనినప్పుడే మధ్యలోకి పాకుతుంది, అందువల్ల గోటితో చూసే ఆ పరీక్ష ఇక్కడ మరింత ముఖ్యమైంది. మాటు వేడి ఉన్న వైపు పరుగెడుతుంది గనుక మంటను అతుకు మీద కాక రింగు చుట్టూ తిప్పుతూ మొత్తాన్ని సమంగా కాచాలి. స్టెర్లింగ్ వెండి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది, మాటు అంతకు ముందే కరుగుతుంది, ఆ రెండింటి మధ్య దొరికే వ్యవధి కొన్ని క్షణాలే. మొదటి మూడు రింగులు కరిగి ముద్దలయ్యాయి. నాలుగోదానికి గదిలో వెలుతురు తగ్గించుకున్నాను. లోహం ఎర్రబారడం స్పష్టంగా కనిపించింది, అతుకుకు రాసిన వెలిగారం గాజులా పరుచుకుంది, అతుకు వెంట ఒక తళుకు గీత పాకగానే మంట తీసేశాను. చల్లార్చి, తోమి, రెండు పటకారులతో నా బలమంతా పెట్టి లాగాను. రింగు కోడిగుడ్డు ఆకారానికి సాగింది, అతుకు మాత్రం వీడలేదు.