పుష్కాష్ ఊళ్లో గోల్స్ వెతుక్కుంటూ

బుడాపెస్ట్ వెళ్లేవాళ్లు చాలామంది 2వ నంబరు ట్రామ్ ఎక్కుతారు. డాన్యూబ్ ఒడ్డునే సాగే ఆ ట్రామ్ కిటికీలోంచి పార్లమెంటు, కోట, వంతెనలు అన్నీ కనిపిస్తాయి. ఫుట్‌బాల్ కోసం వెళ్లేవాళ్లకు మాత్రం 1వ నంబరు కావాలి. అది ఓబుడా నుంచి బయల్దేరి, ఆర్పాద్ వంతెన మీద నది దాటి, హుంగారియా అనే వెడల్పాటి రోడ్డు మీద నగరాన్ని చుట్టి వెళ్తుంది. నేను చూడాలనుకున్నవాటిలో సగం ఆ ఒక్క లైను మీదే ఉన్నాయి.

యూరప్‌లో గొప్ప గోల్‌స్కోరర్ ఎవరనే మాట వస్తే ఇప్పటివాళ్లు రొనాల్డో అంటారు, లెవండోస్కీ అంటారు. కొంచెం పాతవాళ్లయితే గెర్డ్ ముల్లర్, యుసేబియో. నా లెక్కలో మొదటి వరుస పుష్కాష్ కెప్టెన్‌గా ఉన్న 1950ల హంగరీ జట్టుది. ఈ అభిమానం మా తాతయ్య అంటించింది. మాది సికింద్రాబాద్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టంటే ఆయనకు ప్రాణం. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశపు జట్టుకు కూడా కోచ్. అక్కడ యుగొస్లేవియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. అదే యుగొస్లేవియాను ఫైనల్లో 2-0తో ఓడించి హంగరీ స్వర్ణం ఎత్తుకుపోయింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి పుష్కాష్‌ది, ఇంకోటి త్సిబోర్‌ది. "మనల్ని అంతలా కొట్టినవాళ్లనే కొట్టారంటే వాళ్లెంతటివాళ్లో చూడు" అనేవారు తాతయ్య. ఆ పేర్లు అలా చిన్నప్పుడే మనసులో పడిపోయాయి.

మా పిన్ని కొడుకు బుడాపెస్ట్‌లో చదువుకుంటున్నాడు. వాడున్నాడు కదా అన్న ధైర్యంతోనే బయల్దేరాను. వాడిదీ ఫుట్‌బాల్ పిచ్చే, కాకపోతే వాడి దేవుడు నార్వే స్ట్రైకర్ హాలండ్.

మొదట ఓబుడా వెళ్లాం. అక్కడ పుష్కాష్ కంచు విగ్రహం ఉంది. జెర్సీలో కాదు, మామూలు బట్టల్లో నిలబడి కాలి మీద బంతి ఆడిస్తుంటాడు, చుట్టూ పిల్లలు చూస్తుంటారు. మాడ్రిడ్‌లో తీసిన ఒక పాత ఫొటోను చూసి చేశారట. ఒక చిన్నపిల్ల అందులో ఒక కంచు పిల్లవాడి భుజం మీద చెయ్యేసి వాళ్లమ్మతో ఫొటో తీయించుకుంటోంది. పుష్కాష్ పొట్టిగా, కొంచెం లావుగా, మెడ కనపడనట్టుగా ఉండే మనిషి. ఎడమకాలు తప్ప కుడికాలు పెద్దగా వాడేవాడు కాదు, తలతో కొట్టడం తక్కువ. ఈరోజుల్లో ఏ అకాడమీలోనైనా మొదటి వారంలోనే పంపించేసేవాళ్లేమో. అలాంటివాడు హంగరీ తరఫున 85 మ్యాచ్‌ల్లో 84 గోల్స్ కొట్టాడు.

అక్కడే ట్రామ్ ఎక్కి స్టేడియం దగ్గర దిగాం. 1953 ఆగస్టు 20న తెరిచిన పాత నేప్‌స్టాడియోన్ ఉన్న చోటనే, దాన్ని పడగొట్టి పుష్కాష్ అరేనా కట్టారు. 2019లో తెరిచారు. 67 వేల మంది పడతారు. పాత స్టేడియం గుర్తుగా దాని బురుజు ఆకారాన్ని కొత్తదానిలోనూ నిలబెట్టారు, ఆ పని నాకు బాగా నచ్చింది. ఇంగ్లండ్ 1954 మే నెలలో అంతకు ఆరు నెలల ముందు సొంతగడ్డ మీద, వెంబ్లీలో హంగరీ చేతిలో పడిన పరాభవానికి బదులు తీర్చుకుందామని ఇక్కడికి వచ్చి 7-1తో ఓడిపోయింది. ఇంగ్లండ్ చరిత్రలో ఇప్పటికీ అదే అన్నిటికన్నా పెద్ద ఓటమి.

మా తమ్ముడు అక్కడ ఆగి, "అన్నా, యూరో కప్‌లో రొనాల్డో ఆడింది ఇక్కడే కదా" అన్నాడు. నిజమే. 2021 జూన్ 15న హంగరీ మీద రెండు గోల్స్ కొట్టి, యూరో కప్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడయ్యాడు. వారం తర్వాత ఇక్కడే ఫ్రాన్స్ మీద రెండు పెనాల్టీలు కొట్టి, ఇరాన్ ఆటగాడు అలీ దాయీ పేరు మీదున్న 109 గోల్స్ అంతర్జాతీయ రికార్డును అందుకున్నాడు. అంతకు మూడేళ్ల ముందు, 2018 వరల్డ్ కప్‌లో మొరాకో మీద తన 85వ గోల్ కొట్టి యూరప్ రికార్డులో పుష్కాష్‌ను దాటిందీ అతనే. అంటే దాటిన మనిషి వచ్చి, దాటబడిన మనిషి పేరున్న మైదానంలోనే ప్రపంచ రికార్డు అందుకున్నాడన్నమాట. నాకందులో బాధేమీ లేదు. 84 అనే అంకె అరవై ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలబడిందన్నదే ముఖ్యం. అందులోనూ పుష్కాష్ తన దేశానికి ఆడింది 29 ఏళ్ల వయసు దాకానే.

మళ్లీ ట్రామ్ ఎక్కి కొంచెం ముందుకెళ్తే హిడెగ్‌కుటి నాండోర్ స్టేడియం అనే స్టాప్ వస్తుంది. అది ఎంటీకే క్లబ్ మైదానం. 2016లో కొత్తగా కట్టారు. గోల్స్ వెనక గ్యాలరీలు లేవు, ఎత్తైన కాంక్రీటు గోడలున్నాయి. చిన్న స్టేడియం, పర్యాటకుడనేవాడు కనపడలేదు. గేటు దగ్గర ఉన్నాయన మేం దేనికొచ్చామో అర్థం కాక రెండుసార్లు అడిగాడు. తమ్ముడు వచ్చీరాని హంగేరియన్‌లో హిడెగ్‌కుటి పేరు చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆరు వేళ్లు, తర్వాత మూడు వేళ్లు చూపించాడు. మాటలు లేకుండానే ముగ్గురికీ అర్థమైంది.

1953 నవంబరు 25. వెంబ్లీలో లక్షమందికి పైగా జనం. యూరప్ ఖండం నుంచి వచ్చిన జట్టేదీ అప్పటిదాకా ఇంగ్లండ్‌ను అక్కడ ఓడించలేదు. హంగరీ 6-3తో గెలిచింది. ఆ ఆరులో మూడు హిడెగ్‌కుటివి. మొదటిది ఆట మొదలైన నిమిషంలోపే పడింది.

ఆ రోజుల్లో 9వ నంబరు జెర్సీ వేసుకున్నవాడు అందరికన్నా ముందు, ప్రత్యర్థి గోల్ దగ్గర ఉండాలి. అవతలి జట్టు సెంటర్ హాఫ్, అంటే మధ్యలో ఉండే డిఫెండర్, అతన్ని అంటిపెట్టుకుని తిరగాలి. అది రాయని చట్టం. హిడెగ్‌కుటి 9వ నంబరు వేసుకుని వెనక్కి, దాదాపు మైదానం మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. అతని వెంట వెళ్తే గోల్ ముందు పెద్ద ఖాళీ. ఆ ఖాళీలోకి కుడివైపు నుంచి కోచిష్, ఎడమవైపు నుంచి పుష్కాష్ దూసుకొస్తారు. వెళ్లకుండా ఉన్నచోటే ఉంటే హిడెగ్‌కుటికి అడ్డే లేదు, తీరిగ్గా తలెత్తి చూసి పాస్ ఇస్తాడు, లేదా తనే కొడతాడు. ఈ ఏర్పాటును ఎంటీకేలోనే కోచ్ మార్టోన్ బుకోవి ముందు ప్రయత్నించాడు. మొదట ఆ స్థానంలో ఆడింది పలొటాష్. దేశపు జట్టు కోచ్ గుస్తావ్ షెబెష్ దాన్ని తీసుకున్నాడు, హిడెగ్‌కుటి చేతిలో అది పండింది. అప్పటికి అతనికి 31 ఏళ్లు.

అదే మ్యాచ్‌లో పుష్కాష్ గోల్ ఒకటుంది. ఇంగ్లండ్ కెప్టెన్ బిల్లీ రైట్ తన మీదికి దూకేసరికి బంతిని బూటు అడుగుతో వెనక్కి లాగాడు, రైట్ పక్కనుంచి జారుకుంటూ పోయాడు, పుష్కాష్ ఎడమకాలితో దగ్గరి పోస్టు లోపలికి కొట్టాడు. వీడియో ఇప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. గోల్స్ వీడియోలు చూసేవాళ్లందరికీ ఇది తెలుసు. కానీ రైట్ ఒంటరిగా అలా మీదికి రావాల్సి వచ్చిందెందుకో తెలియాలంటే హిడెగ్‌కుటి ఎక్కడ నిలబడ్డాడో చూడాలి. హంగరీకి అతని లెక్క 69 మ్యాచ్‌ల్లో 39 గోల్స్. పుష్కాష్ 84, కోచిష్ 75 పక్కన ఈ 39 చిన్నదిగా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఆ రెండు అంకెల్లోనూ చాలా భాగం ఇతనిదే. ఆ గేటు ముందు నిలబడి ఈ మాట తమ్ముడికి చెప్తే, "అన్నా, అసిస్టులు కూడా లెక్కపెట్టాలంటావా?" అన్నాడు. అసిస్టు కూడా కాదురా, బంతి ముట్టకుండా చేసిన పని సంగతి చెప్తున్నాను అన్నాను.

మర్నాడు నగరం మధ్యకు వెళ్లాం. రుంబాఖ్ షెబెష్చేన్ వీధిలో ఒక పెద్ద భవనం పక్కగోడ నిండా ఆ 6-3 మ్యాచ్ బొమ్మ గీశారు. 2013లో, అరవయ్యో వార్షికోత్సవానికి. లోన్యాయి వీధిలో ఆ స్కోరునే పేరుగా పెట్టుకున్న 6:3 అనే వైన్ షాపు కూడా ఉంది. వైన్‌లో సోడా కలిపి ఇస్తారు, ఫ్రచ్ అంటారు. చిన్న గది, సాయంత్రమయ్యేసరికి పెద్దవయసువాళ్లతో నిండిపోయింది.

మెట్రో లైన్లు కలిసే దేయాక్ ఫెరెన్స్ కూడలి పేరు 19వ శతాబ్దపు రాజకీయ నాయకుడిది. సరిగ్గా అదే పేరుతో ఒక స్ట్రైకర్ కూడా ఉండేవాడు. 1945-46 సీజన్‌లో సెంట్‌లోరింత్స్ అనే చిన్న క్లబ్‌కు ఆడుతూ ఒక్క లీగ్‌లోనే 66 గోల్స్ కొట్టాడు. ఈ దేశం గోల్స్ విషయంలో ఎంత సంపన్నమైనదంటే, అలాంటివాడిని కూడా బయట ఎవరూ తలుచుకోరు.

సెయింట్ స్టీఫెన్ బసిలికాలో హంగరీ మొదటి రాజు కుడిచేతిని వెయ్యేళ్లనాటి పవిత్ర అవశేషంగా దాచుకున్నారు. దాని కింది భాగంలోనే పుష్కాష్ సమాధి. 2006 నవంబరు 17న పోయాడు. రాజు కుడిచెయ్యి పైన, ఆటగాడి ఎడమకాలు కింద! కోచిష్ కూడా ఇక్కడే ఉన్నాడు. అతను 1979లో బార్సిలోనాలో చనిపోయాడు, 2012లో ఇక్కడికి తెచ్చారు. నేను పుష్కాష్ దగ్గరకన్నా కోచిష్ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. 68 మ్యాచ్‌ల్లో 75 గోల్స్, ఏడు హ్యాట్రిక్‌లు. 1954 వరల్డ్ కప్‌లో 11 గోల్స్. సెమీఫైనల్లో ఉరుగ్వే మీద అదనపు సమయంలో తలతో రెండు గోల్స్ కొట్టి జట్టును ఫైనల్ చేర్చాడు. ఆ టోర్నీలో హంగరీ ఐదు మ్యాచ్‌ల్లో కొట్టిన 27 గోల్స్ రికార్డు ఇంకా అలాగే ఉంది. అయినా ఫైనల్లో, బెర్న్‌లో, 2-0 ముందంజలో ఉండి కూడా పశ్చిమ జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయారు. నాలుగేళ్లుగా ఓటమే ఎరగని జట్టుకు అదొక్కటే ఓటమి. ఏడేళ్ల తర్వాత కోచిష్, త్సిబోర్ బార్సిలోనా తరఫున, క్లబ్బుల పోటీ అయిన యూరోపియన్ కప్ ఫైనల్‌కు వెళ్తే అదీ బెర్న్‌లోని అదే స్టేడియంలోనే. ఇద్దరూ చెరో గోల్ కొట్టారు. బెన్ఫికా 3-2తో గెలిచింది. ఇది ఎన్నిసార్లు చదివినా మనసు ఒప్పుకోదు నాకు.

చివరి రోజు పుష్కాష్ పెరిగిన పేట కిష్‌పెష్ట్. మెట్రోలో హటార్ ఊట్ దాకా వెళ్లి అక్కడ 42వ నంబరు ట్రామ్ ఎక్కాలి. చిన్న ఇళ్లు, పెరట్లో చెట్లు, మన పాత రైల్వే కాలనీలా ఉంది. పుష్కాష్, అదే హంగరీ జట్టులో ఆడిన బోజిక్ ఇరుగుపొరుగు పిల్లలు. పుష్కాష్ నాన్న అక్కడి క్లబ్ కోచ్. వయసు చాలక పుష్కాష్‌ను మొదట్లో మిక్లోష్ కొవాచ్ అనే దొంగపేరుతో ఆడించారు. 1949లో సైన్యం ఆ క్లబ్‌ను తీసుకుని హోన్వేద్ అని పేరు పెట్టింది. దేశంలోని మంచి ఆటగాళ్లలో చాలామందిని అక్కడికే చేర్చింది. క్లబ్‌లో రోజూ కలిసి ఆడేవాళ్లే చాలామంది దేశానికీ ఆడారు. ఆ పాస్‌లలో అంత కుదురు రావడానికి ఇదొక పెద్ద కారణం.

1956లో కమ్యూనిస్టు ప్రభుత్వం మీద వచ్చిన తిరుగుబాటును సోవియట్ సైన్యం అణచివేసేటప్పటికి హోన్వేద్ జట్టు యూరోపియన్ కప్ కోసం దేశం బయట ఉంది. పుష్కాష్, కోచిష్, త్సిబోర్ అప్పుడు తిరిగి రాలేదు. బోజిక్ వచ్చాడు, ఇప్పటి స్టేడియం పేరు అతనిదే. తిరిగి రానందుకు నిషేధం పడి పుష్కాష్ ఆటకు దూరమై, లావెక్కాడు. 1958లో 31 ఏళ్ల వయసులో రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. అక్కడ 262 మ్యాచ్‌ల్లో 242 గోల్స్! స్పెయిన్ లీగ్‌లో నాలుగుసార్లు టాప్ స్కోరర్. 1960లో గ్లాస్గోలో ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద 7-3 గెలిచిన యూరోపియన్ కప్ ఫైనల్లో నాలుగు గోల్స్ అతనివి, మూడు సహచరుడు డి స్టెఫానోవి. సొంత ఊరికి మళ్లీ అడుగుపెట్టింది 1981లో.

బోజిక్ అరేనా 2021లో కొత్తగా తెరిచారు, ఎనిమిది వేల మంది పడతారు. హోన్వేద్ 2023లో కింది డివిజన్‌కు జారిపోయింది. మేం వెళ్లిన సాయంత్రం అక్కడ రెండో డివిజన్ మ్యాచ్ ఉంది, టికెట్ సులభంగా దొరికింది. పక్కన తాత ఒకాయన ఎర్ర-నలుపు కండువా వేసుకుని మాకు పొద్దుతిరుగుడు గింజలు పెట్టాడు. ఆట మామూలుగానే సాగింది. ఒకసారి మాత్రం హోన్వేద్ సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి వచ్చి బంతి అందుకున్నాడు, డిఫెండర్ అతని వెంటే వచ్చేశాడు, ఆ ఖాళీలోకి ఎడమవైపు కుర్రాడు పరుగెత్తాడు. గోల్ పడలేదు, కీపర్ ఆపేశాడు. తమ్ముడు నా మోచేయి పట్టుకుని, "అన్నా, చూశావా, జాన్‌స్టన్!" అని అరిచాడు.

తిరుగు ట్రామ్‌లో వాడు మళ్లీ హాలండ్ దగ్గరికే వచ్చాడు. ఒక్కో మ్యాచ్‌కు ఎన్ని గోల్స్ అన్నదే లెక్క అంటాడు వాడు. అయితే 75ను 68తో భాగించి చూడమన్నాను. వాడు ఫోన్ తీశాడు. అప్పటి డిఫెండర్లు వేరు, ఇప్పటి డిఫెండర్లు వేరు అన్నాడు. అప్పటి బూట్లు, వానలో నానితే బరువెక్కే ఆ తోలు బంతి సంగతి చెప్పాను. హటార్ ఊట్ వచ్చినా వాదన తేలలేదు, మెట్రోలోనూ అదే కొనసాగింది.