భీషణం, భద్రం ఒక్క ఊపిరిలో

నరసింహ జయంతి నాడు పొద్దున్నే నాలుగు పూలు పెట్టి, ఫ్రిజ్ నీళ్లలో ఇంత బెల్లం కలిపి "పూజ అయిపోయింది" అనేసేవాళ్లు మన కర్నూలు, అనంతపురం వైపు కూడా ఎక్కువైపోతున్నారు. స్వామి వచ్చిందే పొద్దు గూకే వేళ. మరి పొద్దున చేసే పూజ ఎవరికండీ?

హిరణ్యకశిపుడి వరం అందరికీ తెలిసిందే. పగలూ రాత్రీ, లోపలా బయటా, నేలా నింగీ అని లోకంలో ఉన్న జంటలన్నిటినీ ఏరి, రెండు వైపులా చావుకు దారి మూసేశానని మురిసిపోయాడు. ఆ రెండూ కలిసే చోటు ఒకటుంటుందని వాడికి తోచలేదు. స్వామి సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. సంధ్యవేళ, గడప మీద, తన తొడలపైన వాణ్ణి వేసుకుని. ఒకటి గెలిచి ఇంకొకటి ఓడితే లోకం నడవదు. రెండూ సరితూగే ఆ సన్నటి గీతే ధర్మానికి ఆసనం.

"ఉగ్రం వీరం మహావిష్ణుం" అని మొదలయ్యే నరసింహ మంత్రాన్ని మంత్రరాజం అంటారు. అందులోనూ ఇదే ఉంది. 32 అక్షరాలు, పాదానికి 8. మూడో పాదం "నృసింహం భీషణం భద్రం". తొందరలో కొందరు "భీషణం" దగ్గర ఊపిరి వదిలేసి, "భద్రం"ను తర్వాతి పాదంలోకి లాగేస్తారు. అప్పుడు భయం ఒక చోట, అభయం మరో చోట పడతాయి. ఆ పాదం మొత్తం ఒక్క ఊపిరిలో చదవండి. అహోబిలంలో హిరణ్యుణ్ణి చీల్చే జ్వాలా నరసింహుడూ, అమ్మవారిని తొడమీద కూర్చోబెట్టుకున్న మాలోలుడూ ఒకే కొండల్లో ఉన్నారు. కదిరిలోనైతే అంత ఉగ్రంగా ఉన్న స్వామి పక్కనే ప్రహ్లాదుడు నిలబడి ఉంటాడు. ఉగ్రమూర్తి పటం ఇంట్లో ఉండకూడదని జడిసేవాళ్లు ఆ పసివాణ్ణి ఒక్కసారి తలుచుకోవాలి.

వైశాఖ శుద్ధ చతుర్దశి సాయంత్రానికి ఉన్న రోజే పండగ. మన వైపు అప్పటికి పొద్దు గూకేది ఆరున్నర ప్రాంతంలో. ఐదున్నరకల్లా గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, చెరో పక్క ఒక ప్రమిద ఉంచండి. ఆ పూటైనా గడప తొక్కకుండా దాటండి.

పానకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నైవేద్యాన్ని ముందు రుచి చూడకూడదు, కాబట్టి కొలతే ఆధారం. లీటరు నీళ్లకు 200 గ్రాముల బెల్లం, చెంచా మిరియాలు, అర చెంచా శొంఠి పొడి, 4 ఏలకులు. బెల్లం చన్నీళ్లలోనే కరగాలి, ఇసుక ఉంటుంది గనుక వడగట్టాలి. మిరియాలు కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా పొడి చేస్తే ఘాటంతా నీళ్లలోకి దిగి గొంతు మండుతుంది, పూర్తిగా మానేస్తే మిగిలేది తీపి నీళ్లే. తీపి, కారం రెండూ నాలుక మీద ఒకేసారి తెలియాలి. పచ్చకర్పూరం గోధుమ గింజలో సగం చాలు, మించితే చేదు. నిమ్మరసం పిండేవాళ్లు కళాయి లేని ఇత్తడి చెంబు వాడొద్దు, చిలుమెక్కుతుంది. మట్టి కుండ మేలు.

వడపప్పుకు పెసరపప్పు గంట నానితే సరిపోతుంది. పొద్దున్నే నానేసి మరిచిపోతే జిగురొచ్చి వాసన వేస్తుంది. ఆ ఎండలకు పానకమూ నిలవుండదు. హారతి అయిన వెంటనే ముందు పిల్లలకు, ఆపైన ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు, పక్కింటివాళ్లకు పంచేయండి.