ఒత్తు ఎగిరిపోయిన గొడ్డలి

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచిక కమిటీ తరఫున క్యారియర్‌గాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఒక్క పేజీ చాలు. మాస్టార్ల గురించి రాయి, వ్యాపారం గురించి రాయకు" అన్నాడు. రెండో షరతు నా ఒక్కడికే పెట్టినట్టున్నాడు. లెక్కల మాస్టారి గురించి రబ్బరు ఎలాగూ రాస్తాడు, దెబ్బలన్నీ తిన్నది వాడే కదా. నేను సోషల్ మాస్టారి దగ్గరే ఆగిపోతాను.

మద్రాసు పక్కన పల్లావరం ట్రిప్పు గుర్తుందిగా. పార్కు స్టేషన్లో మీటర్ గేజి ఎలక్ట్రిక్ ట్రైను, ఇరవై ఏడు మందికి ఇరవై ఆరు టిక్కెట్లు. ఆ ఒక్కడి సంగతి ఇక్కడ వద్దు. శుక్రవారం, సంత రోజు. లడ్డూగాడు పాత సైకిల్ బెల్లు బేరమాడుతూ తప్పిపోయాడు. వాడు దొరికాక మాస్టారు మనల్ని ఎండలో నిలబెట్టి, 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర ఈ పల్లావరంలోనే ఎర్ర కంకర గోతిలో రాతిగొడ్డలి ఏరాడని, దాంతో మన దేశంలో మనిషి వయసు లక్షల ఏళ్ళ వెనక్కి పోయిందని చెప్పారు. అందరం నవ్వాం.

నేను మాత్రం అరగంట వెతికి, కోసుగా ఉన్న ఒక నల్లరాయి పట్టుకుని "సార్, గొడ్డలి!" అని పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "గొడ్డలి కాదురా, క్వారీలో పగలగొట్టిన జల్లి, కంకర రాయి. అయినా తక్కువ రాయేం కాదు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ దొర జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన పలక ఈ జాతి రాయే. ఆయన పేరు మీదే దీన్ని చార్నోకైట్ అంటారు" అన్నారు. చార్నాక్ మీకెవరికీ గుర్తుండడు. నా పేరు మాత్రం ఆ పూట నుంచి గొడ్డలి. మొన్న మా అల్లుడి ముందు కూడా లడ్డూ అలాగే పిలిచాడు.

ఆ తరవాత పాలిటెక్నిక్, అంబత్తూరు, అప్పులు. అవన్నీ వదిలేస్తున్నాను. ఇప్పుడు నా షాపులో ముప్పై మంది కటింగ్ టూల్స్‌కి సాన పడుతున్నారు. (క్యారియర్, ఒక్క వాక్యమే.)

పోయినేడు మా దగ్గరి చిన్న మ్యూజియం వాళ్ళు చందాకొచ్చారు. మ్యూజియం అంటే రెండు గదులు, ఒక వరండా. ఒక్కో వస్తువును ఒక్కొక్కరు దత్తు తీసుకోవాలట. వస్తువు వాళ్ళదే, వాళ్ళ దగ్గరే ఉంటుంది. దాని గాజుపెట్టె, దీపం, పేరు పలక, తేమ పీల్చే పొట్లాల ఖర్చు మనది, ఏడాదికి 12,000. రాయికి తేమ పొట్లాలెందుకమ్మా అంటే, "పక్కనున్న ఇనప ముక్కలకు సార్" అంది అక్కడి అమ్మాయి. నాణేలు అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. మట్టి శవపేటిక కాలు ఒకటి మిగిలింది, దాన్నెవరూ ముట్టలేదు. జాబితా చివర్లో రాతిగొడ్డలి ఉంది. ఇంక నేను వేరే ఏదీ చూడలేదు. "రాయికి అద్దె కడుతున్నారా?" అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి దాన్ని ఒక్క నిమిషం చేతికిచ్చింది. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, బాదంకాయ ఆకారం, అరచేతికంటే కాస్త పెద్దది. రెండు వైపులా చెక్కు లేచిన గుంటలు, గవ్వ లోపలిలా నున్నగా. ఇటు గుంటా అటు గుంటా కలిసేచోట అంచు. నేను రోజూ చూసే అంచే అది! ఒక్కచోట మాత్రం చెక్కు చివరిదాకా లేవకుండా మధ్యలో మెట్టులా విరిగింది. దెబ్బ పడిన తీరు తప్పింది. మా షాపులో కొత్త కుర్రాడైతే తిట్టేవాణ్ణి. నా జల్లికి ఇలాంటి వరస ఎక్కడుంది, అడ్డదిడ్డంగా పగిలిన మొహాలు తప్ప! మాస్టారు ఒక్క చూపులో ఎలా చెప్పారో ఇన్నేళ్ళకు తెలిసింది.

ఇది కొసస్థలి నది వైపు దొరికిందట. రాతి పనిముట్ల తవ్వకాలు జరిగిన అత్తిరంపాక్కం ఆ నది పక్కనే. అక్కడి పనిముట్లలో బాగా పాతవి 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేల్చారు. వెనక బెంచీలో నవ్వినవాళ్ళు (నాతో సహా) గమనించగలరు. మా గొడ్డలికీ ఆ వయసే వేయించాలని చూశాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఏ మట్టిపొరలో ఉందో తెలియకుండా పైన దొరికిన రాయికి వయసు కట్టకూడదట. మాస్టారున్నా అదే అనేవారు.

పలక మీద తమిళం, ఇంగ్లీషు కింద తెలుగులో ఒక్క లైను అడిగాను: "రాతిగొడ్డలి - మా సోషల్ మాస్టారి జ్ఞాపకార్థం". మొదటి ప్రింటులో డ ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంది. రెండోసారి ఒత్తు పూర్తిగా ఎగిరిపోయి "గొడలి" అయింది. మూడోసారి నేనే చేత్తో రాసిచ్చాను, దాన్నే అచ్చువేశారు. నా దస్తూరీ గురించి తెలుగు టీచరుగారు ఏమనేవారో మీకు తెలుసు.

ఒక్క పని మిగిలింది. నా జల్లిరాయిని ఆయన హాజరుపట్టీ మీద బరువుగా పెట్టుకునేవారు కదా, రిటైరైన రోజున అది బల్ల మీద లేదు. రబ్బరూ, నిన్నంటున్నానని అనుకోకు. ఎవరి దగ్గరున్నా జనవరి కలయికకు పట్టుకురండి. రెండూ పక్కపక్కన పెడితే పిల్లలకు తేడా తెలుస్తుందని ఆ అమ్మాయి గాజుపెట్టెలో కుడివైపు జానెడు చోటు ఖాళీగా ఉంచింది.

- గొడ్డలి, మూడో బెంచీ, కిటికీ వైపు