ఈగ కన్ను: మాస్టర్ జీన్ అనే సగం నిజం

బరంపురం, పర్లాకిమిడి వైపు జువాలజీ చదివే మన పిల్లలకి ఇంట్లో తెలుగు, స్నేహితులతో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. ఏ భాషలో విన్నా ఈ పాఠం చివరికి ఒక్క వాక్యమై మిగులుతుంది: పండ్ల ఈగలో (డ్రోసోఫిలా) ఐలెస్ అనేది కన్నుకి మాస్టర్ జీన్, అంటే కన్నంతటినీ అదొక్కటే నడిపిస్తుంది. పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ వాక్యాన్ని నమ్ముకుని క్రాస్ వేస్తే (ఎంచుకున్న ఈగల్ని జతకట్టిస్తే) వచ్చిన ఫలితం అర్థం కాదు.

1995లో బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఐలెస్‌ని ఉండకూడని చోట నడిపించి కాళ్ళ మీద, రెక్కల మీద, యాంటెన్నా మీద కళ్ళు మొలిపించింది. దీని తోబుట్టువైన ఎలుక జీన్ పాక్స్‌6ని ఈగలో నడిపినా అదే జరిగింది. పేరు తెచ్చింది ఆ బొమ్మే. దాన్నే ఇంకోసారి చూడండి: కాలంతా కన్నైపోలేదు, కొన్ని చోట్లే మొలిచింది. కణాలు ఒకదానికొకటి పంపుకునే డీపీపీ, హెడ్జ్‌హాగ్ సంకేతాలు అందే చోట ఐలెస్ మాట చెల్లుతుంది. మిగతా చోట్ల పిలిచినా పలికేవాళ్ళు లేరు.

అసలు సంగతి జీన్‌ల వలలో ఉంది. ట్విన్ ఆఫ్ ఐలెస్ పైనుంచి ఐలెస్‌ని లేపుతుంది. ఐలెస్ నేరుగా సైన్ ఓక్యులిస్‌ని, ఐస్ యాబ్సెంట్‌ని లేపుతుంది. ఈ రెండూ జంట. సైన్ ఓక్యులిస్ ప్రొటీన్‌కి డీఎన్ఏని పట్టుకునే చెయ్యి ఉంది, జీన్‌ని గట్టిగా నడిపే బలం లేదు. ఐస్ యాబ్సెంట్‌కి బలం ఉంది, పట్టు లేదు. కలిస్తేనే పని. తర్వాత డాక్స్‌హుండ్ వస్తుంది (అది చెడితే ఈగ కాళ్ళు పొట్టివవుతాయి, అందుకే పొట్టికాళ్ళ కుక్క పేరు). కింద ఉన్నవి తిరిగి ఐలెస్‌ని లేపగలవు కూడా. అంటే నిచ్చెన కాదు, గుండ్రం. పరీక్షించడం తేలికే: ఐస్ యాబ్సెంట్ పనిచేయని ఈగలో ఐలెస్‌ని ఎంత నడిపినా కాలి మీద కన్ను రాదు. యజమాని ఒక్కడే అయితే ఇలా జరగదు.

ఈ వల పనిచేస్తుండగా చూడాలంటే మూడో దశ లార్వాలోని ఐ డిస్క్ (తర్వాత కన్నుగా మారే కణాల పొర) కన్నా మంచి చోటు లేదు. అందులో వెనకనుంచి ముందుకి ఒక గాడి జరుగుతుంది. ఇంగ్లీషులో ఫరో అంటారు, మన నాగటి చాలే. చాలు ముందున్న కణాల్లో ఐలెస్, హోమోథొరాక్స్, టీషర్ట్ ఉంటాయి. అవి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. చాలు దగ్గరపడేకొద్దీ హోమోథొరాక్స్ తగ్గి, ఐస్ యాబ్సెంట్, సైన్ ఓక్యులిస్, డాక్స్‌హుండ్ పెరుగుతాయి. చాలు దాటగానే ఐలెస్ ఆరిపోతుంది. అక్కడ అటోనల్ అనే జీన్ వల్ల, వెలుగుని పట్టే ఆర్ కణాల్లో ముందు ఆర్8 పుడుతుంది, తర్వాత ఆర్2-ఆర్5, ఆర్3-ఆర్4 జంటలు, ఇంకో విడత కణవిభజన అయ్యాక ఆర్1-ఆర్6, చివర ఆర్7. ఇలా సుమారు 750 గళ్ళ కన్ను తయారవుతుంది.

ఈ గళ్ళలో ఒక్కో వరస సుమారు రెండు గంటలకి పడుతుంది. కాబట్టి డిస్కుల్ని గుడ్డు పెట్టినప్పటి నుంచి లెక్కేసిన గంటలతో పోల్చకండి, ఇలావ్ (నాడీకణాల్లో ఉండే ప్రొటీన్) రంగులో వరసలు లెక్కపెట్టి పోల్చండి. కిక్కిరిసిన సీసాలో ఒకే వయసు లార్వాలు కూడా ఐదారు వరసల తేడాతో ఉంటాయి.

డిసెక్షన్: సీసా గోడెక్కి తిరుగుతున్న లార్వాని చల్లటి పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీరు) వేసి, 5 నంబరు ఫోర్సెప్స్ ఒకటి నోటి కొక్కేల దగ్గర, ఇంకోటి ఒంటి మూడో వంతు దగ్గర పట్టి లాగాలి. రెండు డిస్కులూ కొక్కేలకి వేలాడుతూ వస్తాయి. ఒక్కో డిస్కులో ముందు వలయాలున్నది యాంటెన్నా భాగం, వెనక మెదడుకి సన్నటి కాడతో తగులుకున్నది కన్ను. కొక్కేలు అప్పుడే కోసేయొద్దు, కోస్తే ప్రతి వాష్‌లోనూ కొన్ని డిస్కులు పైపెట్‌లోకి పోతాయి. 4 శాతం ఫార్మాల్డిహైడ్‌లో 20 నిమిషాలు (ఇదే ఫిక్స్), 0.3 శాతం ట్రైటన్ కలిపిన పీబీఎస్‌తో 10 నిమిషాల చొప్పున మూడు వాష్‌లు, యాంటీబాడీలో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. ఫిక్స్ గంటసేపు వదిలేస్తే యాంటీబాడీ లోపలికి చేరదు, చుట్టూ మసక మిగులుతుంది. మైక్రోస్కోప్‌లో ముందు కనబడే పెద్ద పెద్ద న్యూక్లియస్‌లు పైపొరవి. వాటిని చూసి కంగారుపడి ఫలితం రాసేయకుండా ఫోకస్ ఇంకాస్త కిందికి దించండి.

మన ప్రాంతానికి అసలు గండం వేడి. జీన్‌ని కోరిన చోట నడిపించడానికి వాడే గాల్4 ప్రొటీన్ పనితనం 18 డిగ్రీల దగ్గర తక్కువ, 29 దగ్గర ఎక్కువ. ఏప్రిల్లో గది బల్ల మీద పెట్టిన క్రాస్, ఆగస్టులో పెట్టిన అదే క్రాస్ ఒకటి కావు. 30 దాటితే మగ ఈగలు గొడ్డుబోతాయి, క్రాస్ ఫెయిలైందని జీన్‌ని తిట్టుకుంటాం. ఎండాకాలంలో వేడి చేసే ఇంక్యుబేటర్ దండగ, చల్లబరిచేదే కావాలి. కరెంటు పోయినప్పుడు ఎంత దాకా ఎక్కిందో తెలిసేలా లోపల గరిష్ఠ-కనిష్ఠ థర్మామీటర్ పెట్టి రోజూ రాసుకోండి.

ఈగల మేత లీటరుకి: అగర్ 8 గ్రాములు, మొక్కజొన్న పిండి 80, పంచదార 40, పొడి ఈస్ట్ 15. ఉడికించి 60 డిగ్రీలకి దిగాకే ప్రొపియోనిక్ ఆమ్లం 4 మిల్లీలీటర్లు, ఎథనాల్‌లో కరిగించిన మిథైల్ పారాబెన్ 1 గ్రాము కలపాలి. మరుగుతుండగా పోస్తే ఆమ్లం ఆవిరైపోతుంది, వానాకాలంలో మూడో రోజుకే బూజు. పోసిన వెంటనే మూత పెడితే గోడకి నీరు పట్టి ఈగలు అంటుకుపోతాయి. రాత్రంతా పల్చటి గుడ్డ కప్పి ఉంచండి.

ఐలెస్-2 స్టాక్ (ఐలెస్ జీన్ చెడిన ఈగల వంశం) పెంచేవాళ్ళకి ఒక మాట. ఒకే సీసాలో ఒకదానికి అసలు కన్నుండదు, ఇంకోదానికి చిన్న కన్ను, మరోదానికి ఎడమది ఉండి కుడిది ఉండదు. కలుషితం అయిందని పారేయకండి, ఆ మార్పు స్వభావమే అది. పైగా తరాల తరబడి తమలో తాము కలుస్తూంటే కన్నున్న ఈగలే బాగా బతుకుతాయి గనక కళ్ళు దాదాపు మామూలుగా తిరిగొస్తాయి. వేరే స్టాక్ ఈగలతో జతకట్టించి (అవుట్‌క్రాస్), మనవల తరంలో కన్ను లేనివి ఏరుకుంటే పాత రూపం మళ్ళీ బయటపడుతుంది.