తొమ్మిది ఫొటోలు

రాత్రి పాపని నిద్రపుచ్చాక ఫోన్‌లో తొమ్మిది ఫొటోలు చూశాను. ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

తీసినావిడ బుష్రా అల్ముతవకల్. 1969లో యెమెన్ రాజధాని సనాలో పుట్టారు. 2010 నాటి ఈ వరసలో ఒక తల్లి, ఒళ్లో కూతురు, కూతురి చేతిలో బొమ్మ. ఆ తల్లి బుష్రానే, పాప ఆవిడ సొంత కూతురే. మొదటి ఫొటోలో రంగురంగుల బట్టలు, ఇద్దరి ముఖాల్లో నవ్వు. తర్వాత ఒక్కో ఫొటోకీ రంగు తగ్గుతుంది, నలుపు పెరుగుతుంది, నవ్వు పోతుంది. పాపకి ముసుగు, చివరికి బొమ్మకి కూడా! తొమ్మిదోదానిలో ఎవరూ లేరు. ఉత్త నలుపు. అక్కడ నాకు గొంతు పట్టేసింది. పక్కకి తిరిగి మా పాప చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నేను మొదట ఇది హిజాబ్ మీద కోపం అనుకున్నాను. కాదు. హిజాబ్‌కి తాను వ్యతిరేకం కాదని ఆవిడే చెప్పారు. చిన్నపిల్లల్ని కూడా కప్పేసే అతివాదం మీదే ఆవిడ బాధ. అరబ్ ఆడవాళ్లంటే పడమటి దేశాలు వేసే పాత ముద్రలకి తన ఫొటోలు సాక్ష్యం కాకూడదనీ ఆవిడకి పట్టింపు ఉంది. రెండు వైపులా జాగ్రత్తగా ఉంటూ ఇంత సూటిగా చెప్పడం ఎంత కష్టమో!

మగవాళ్లే ముసుగు వేసుకుంటే ఎలా ఉంటుందని అడిగే ఫొటోలూ తీశారట. రేపు అవి చూస్తాను.