సప్లయర్ గేటు దగ్గర ఆగిపోయే లెక్క

"అది సప్లయర్ చూసుకుంటాడు, మన లెక్కలోకి రాదు." మొన్న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మా గ్రూపు మీటింగులో, ఇండియాలో పుట్టే వ్యర్థం ఈ లెక్కలో ఉందా అని నేనడిగిన ప్రశ్నకు కాస్త విసుగ్గా వచ్చిన జవాబిది. తెర మీద, కిలో మందు తయారైతే ఎన్ని కిలోల వ్యర్థం పుడుతుందో చూపే స్లైడు ఉంది. అంకె చాలా తక్కువ, అందరి మొహాల్లో సంతోషం. డైక్లోరోమీథేన్, టోలీన్ లాంటి సాల్వెంట్లను (రసాయనాలను కరిగించే ద్రవాలను) తాగేసే మొదటి స్టెప్పులన్నీ ఇండియాలో చేయించి, ఇంటర్మీడియట్‌ను, అంటే ఇంకా పూర్తి మందు కాని మధ్య దశ సరుకును, డ్రమ్ముల్లో తెప్పించుకుంటున్నాం మరి. తక్కువ రాక ఏమవుతుంది?

ఈ లెక్కను ఇ-ఫ్యాక్టర్ అంటారు. రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో చెప్పిన ప్రకారం టన్నుల్లో తయారయ్యే మామూలు రసాయనాలకు అది 1 కన్నా తక్కువ నుంచి 5 వరకు ఉంటే, మందులకు 25 నుంచి 100 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. అందులో సింహభాగం సాల్వెంట్లే. లెక్క ఎక్కడ మొదలుపెడతామన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది.

ఇక్కడివాళ్లకు నీటి మీద ఉన్న శ్రద్ధ చూస్తే నాకు నిజంగా గౌరవం. 1986 నవంబరు 1న ఊరి పక్కనే ష్వైట్సర్‌హాలెలో రసాయనాల గోడౌన్ తగలబడింది. మంటలార్పిన నీళ్లతో పురుగుమందులు రైన్ నదిలోకి పోయాయి. నీళ్లు ఎర్రబడ్డాయి, చేపలు కుప్పలుగా చచ్చాయి. ఇప్పుడు ఎండాకాలం సాయంత్రాలు జనం బట్టలు వాటర్‌ప్రూఫ్ సంచిలో కట్టుకుని అదే నదిలో ఈదుకుంటూ వెళ్తారు. దిగువన వైల్ ఆమ్ రైన్ దగ్గరి స్టేషన్‌లో రోజూ నీళ్లు పరీక్షిస్తారు. తెలియని రసాయనం కనబడితే ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతారు.

పటాన్‌చెరు వైపు తిరిగినవాడిని కాబట్టి నాకు నక్కవాగు గుర్తొస్తుంది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. తప్పు మన ఫ్యాక్టరీలది, మన అధికారులది. కాదనను. కానీ ఆ నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ మాత్రలు ఎవరు కొన్నారో కూడా అడగాలి కదా!

ఇంకో సంగతి. మేం చేయించే ఇంటర్మీడియట్‌కు రూటు, అంటే తయారీ స్టెప్పుల వరస, రాసిచ్చేది ఇక్కడి కెమిస్టులే. డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలీన్ తయారీలో మూడు స్టెప్పులను ఒకటి చేసి, డైక్లోరోమీథేన్, టోలీన్, టీహెచ్ఎఫ్, హెక్సేన్ అనే సాల్వెంట్ల బదులు ఒక్క ఇథనాల్ వాడిన పద్ధతికి 2002లో అమెరికా గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చింది. అలాంటి మార్పు రియాక్టర్ దగ్గర నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడి చేతిలో ఉండదు. ఫిల్టర్ చేశాక మిగిలిన ద్రవం (మదర్ లిక్కర్) ఏ ట్యాంకుకు పంపాలో కూడా వాడికి బ్యాచ్ షీటే చెబుతుంది.

జిన్నారం దగ్గర ప్లాంట్‌లో ఉన్న నా బీటెక్ స్నేహితుడు వాడిన టోలీన్‌ను మళ్లీ శుద్ధి చేసి తీసుకునేందుకు కొత్త డిస్టిలేషన్ కాలమ్ కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. కొనేవాళ్లు కిలోకు రేటు పెంచితే చూద్దామంటున్నారట వాళ్ల మేనేజ్‌మెంట్. ఇక్కడ రేటు ఖాయం చేసే పర్చేజ్ వాళ్ల దగ్గరికి ఆ స్లైడే వెళ్తుంది, అందులో టోలీన్ ఊసే లేదు.