నూనె వచ్చే పక్క

నెల్లూరు నుంచి ముత్తుకూరు దాకా బస్సులో ఏ ఇబ్బందీ లేదు. దిగి పిన్నమ్మ వాళ్ల ఊరికి ఆటో అడిగితే 150 అన్నాడు. పోయినేడు 80 ఇచ్చాను. గట్టిగా అడిగితే, "రోడ్డు చూసినాక మాట్లాడన్నా" అన్నాడు. నాతో పాటు ఒక పెద్దాయన ఎక్కాడు. రోడ్డు పనుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడట.

కిలోమీటరు పోయాక గమనించాను. మేం వెళ్లే పక్క రోడ్డు బాగానే ఉంది. ఎదురుగా వచ్చే పక్క మాత్రం నాశనమైపోయింది. చక్రాలు నడిచే చోట రెండు పొడుగాటి గాళ్లు పడి, వాటి అంచుల్లో తారు గట్టులా పొంగింది. రెండు పక్కలూ ఒకేసారి వేసినవే.

"లోపలికి ఖాళీ ట్యాంకర్లు పోతాయి నాయనా. నూనె నింపుకొని ఆ పక్కన వస్తాయి" అన్నాడు పెద్దాయన. కృష్ణపట్నం దగ్గర వంటనూనె రిఫైనరీలు వచ్చాక వాటికి దగ్గరి దారి దొరికితే చాలు, ఊళ్లలోంచే వస్తున్నాయట.

అంతలో ఒక ట్యాంకరు గుంతలు తప్పించుకుంటూ మా పక్కకే వచ్చేసింది. ఆటో మార్జిన్ దిగి కూరుకుపోయింది. గుండె నోట్లోకి వచ్చింది. మేం దిగి నెట్టాల్సి వచ్చింది. అప్పుడు చూశాను గుంతను దగ్గరగా. పైన రెండు వేళ్ల మందం తారు, దాని కింద జానెడు కంకర, అడుగున ఎర్రమట్టి. ఆ మట్టి బురదై కంకర సందుల్లోంచి పైకి ఉబికి వస్తోంది.

"పగులులో నీళ్లు దిగితే అడుగు మెత్తబడుద్ది. ఆ తర్వాత ఎన్ని ప్యాచీలు వేసినా నిలవదు" అన్నాడాయన. "ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ రెట్టింపు కాదు, దాదాపు పదహారింతలు. 2018లో నాలుగు టైర్ల ఇరుసు మీద మోయనిచ్చే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. ఈ ఊరి రోడ్డు మందం ఎవరు పెంచారు?"

నాకు టెక్సాస్ గుర్తొచ్చింది. తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు చమురు బావుల మధ్య రోడ్లు ఇట్లాగే చూశాను. పంట మార్కెట్టుకు చేర్చుకోవడానికి వేసుకున్న రోడ్లవి. రిగ్గు సామాను, ఇసుక, నీళ్లు అన్నీ కలిపి ఒక్క గ్యాస్ బావి పనిలోకి రావాలంటే వెయ్యికి పైగా నిండు లారీలు తిరగాలని అక్కడి రవాణా శాఖ లెక్క. బాగుచేసే స్తోమత లేక 2013లో 83 మైళ్ల తారు రోడ్డును కంకర రోడ్డుగా మారుస్తామని ఆ శాఖే ప్రకటించింది. అంత డబ్బున్న చోటే అట్లా అయితే, ఈ నాలుగు కిలోమీటర్ల గతేంటని కడుపులో దేవినట్టయింది.

పిన్నమ్మ ఇంటికి చేరేసరికి నడుం పట్టేసింది. కోడలికి నెలలు నిండాయి, చూసిపోదామనే వచ్చాను. ఇంట్లో ఆ అమ్మాయి లేదు.

"ఆ రోడ్డు మీద నొప్పులొస్తే ఎట్లా అబ్బాయా? పదిహేను రోజుల ముందే నెల్లూరులో రూము తీసుకొని ఉంచాం" అంది పిన్నమ్మ. అద్దె ఆరు వేలంట. నేను పొద్దున బస్సెక్కిన స్టాండుకి రెండు వీధుల అవతలే ఆ రూము.